ఒనిగిరి విడిపోకుండా ఉండాలంటే

సోనామసూరితో చేసిన ఒనిగిరి, అంటే జపాన్ వాళ్ల అన్నం ముద్ద, చేతిలోనే విడిపోతోందని అడిగారు. లోపం మీ చేతిది కాదండీ, బియ్యానిది. జపాన్‌లో వాడే కోషిహికారి వంటి పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ, అందుకే మెతుకులు అతుక్కుంటాయి. అది తెచ్చుకోండి. అన్నం వేడిగా ఉండగానే తడి చేతులకు ఉప్పు రాసుకుని, మూడు నాలుగుసార్లు మెత్తగా నొక్కండి. పిసికితే ముద్ద రాయిలా అవుతుంది.

లోపల ఉమెబోషి పెట్టండి. ఉప్పులో ఊరి ఎండిన ఆ పుల్లని పండును ప్రయాణాల్లో అన్నం పాడవకుండా జపనీయులు తరతరాలుగా పెట్టుకుంటున్నారు.

పైన చుట్టే నోరి, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు, మెత్తబడుతోందన్నారు కదా, తినే ముందే చుట్టండి. 1978లో జపాన్ సెవెన్-ఇలెవెన్ దుకాణాలు నోరికీ అన్నానికీ మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అమ్మింది అందుకే. విప్పి కొరికితే నోరి అప్పడంలా కరకరలాడుతుంది. ఎంత చక్కని ఆలోచనో!