కొచ్చిలో ఒక్క పూట తిండికి

నెల్లూరు

అమ్మాయికి, అల్లుడు గారికి పెదనాన్న ఆశీస్సులు.

మే మొదటి వారంలో ముంబైలో ఓడెక్కుతున్నారనీ, శనివారం పగలంతా ఓడ కొచ్చిలో ఆగుతుందనీ మీ నాన్న చెప్పాడు. ఏం చూడాలో ఫోన్‌లోనే దొరుకుతుంది. ఏం తినాలో అడిగావు కాబట్టి రాస్తున్నా. రొయ్యల వ్యాపారం చేసినన్నాళ్లూ సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా పెద్దాఫీసు పనుల మీద వెళ్లి వెళ్లి, ఆ ఊరి తిండి నాకు బాగా అలవాటైంది.

ముందు ఒక మాట. ఆ రోజు పొద్దున ఓడలో టిఫిన్ జోలికి పోవద్దు. డబ్బు కట్టాం కదా అని ప్లేటు నింపుకోబుద్ధవుతుంది, అల్లుడు గారికి మరీను. కాఫీ, ఒక అరటిపండు చాలు. ఒడ్డున మీకు ఉండేది ఒక్క పూట, ఒక్క ఆకలి. దాన్ని ఓడలోనే తీర్చేసుకుంటే ఇక దిగడం దేనికి?

ఓడ ఆగేది విల్లింగ్డన్ ఐలాండ్ దగ్గర. హార్బరు లోతు చేసేటప్పుడు తవ్విన మట్టితో వేసిన దీవి అది. తిండికోసం అక్కడ తిరగొద్దు. ఆటో మాట్లాడుకుని వంతెన దాటి నేరుగా మట్టాంచేరి పోండి. అందరూ ముందు ఫోర్ట్ కొచ్చి చీనా వలల దగ్గరికి పరిగెత్తుతారు. మే నెల ఎండలో అక్కడ నిలబడితే ఆకలి చచ్చిపోతుంది. వలలు ఎక్కడికీ పోవు, తిరిగి వచ్చేటప్పుడు చూడొచ్చు. యూదుల ప్రార్థనా మందిరం మాత్రం శనివారం మూసేస్తారు, 1568లో కట్టింది. దానికోసం ఎదురుచూడకుండా ఆ వీధిలో మిరియాల వాసన పీల్చుకుంటూ నడవండి.

ఆ మిరియాల కోసమే కదా ఇందరు వచ్చింది. 1341లో పెరియార్ నదికి పెద్ద వరద వచ్చి పాత ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి రేవు తెరుచుకుందని చెబుతారు. 1500లో పోర్చుగీసులు దిగారు, 1663లో డచ్చివాళ్లు లాక్కున్నారు, 1795లో ఇంగ్లీషువాళ్లు. మిరియాలు పట్టుకుపోయినవాళ్లే సముద్రం అవతలి నుంచి మిరపకాయ తెచ్చారు. మన చేపల పులుసుకు ఆ ఎరుపు వచ్చింది అందుకే. నెల్లూరులో ఈ మాట గట్టిగా అంటే కొట్టేస్తారు, అది వేరే సంగతి.

ఇక మధ్యాహ్న భోజనం. మట్టాంచేరిలో కాయీస్ అని పాత హోటలుంది, మటన్ బిర్యానీకి పేరు. పన్నెండు కొట్టేలోపు వెళ్లి కూర్చోండి, ఆలస్యమైతే అయిపోవచ్చు. ఆ పక్క బిర్యానీలకు వాడేది కైమా అనే పొట్టి బియ్యం, మసాలా ఘాటు తక్కువగా ఉంటుంది. మన కారానికి అలవాటుపడ్డ నాలుక మొదటి ముద్దకు ‘ఇంతేనా’ అంటుంది. నాలుగో ముద్ద దాకా ఓపిక పట్టండి.

అమ్మాయ్, శనివారం నీసు ముట్టవని నాకు తెలుసు. ఆ ఒక్క వారానికీ స్వామికి చెప్పుకుని, బదులుగా ఆదివారం మానేయ్. మనసొప్పకపోతే మట్టాంచేరిలోనే గుజరాతీ వీధి ఉంది. తరాలుగా అక్కడే ఉండిపోయిన వ్యాపార కుటుంబాలు, శాకాహారం శుభ్రంగా దొరుకుతుంది.

నా ఓటు మాత్రం చేపకే. మీరు వెళ్లే రోజుల్లో మన తీరంలో వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. కేరళవాళ్లకు నిషేధం జూన్‌లో గానీ మొదలవదు. కరిమీన్ అడగండి. ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసేచోట పెరిగే చేప, మన పులికాట్‌లోనూ ఉంటుంది. మసాలా పట్టించి, అరిటాకులో చుట్టి పెనం మీద కాలుస్తారు. ముళ్లు ఎక్కువ, అల్లుడు గారు మాటలు ఆపి తినాలి. కొబ్బరినూనె వాసన పడదనుకుంటే ఇదే మొదలుపెట్టండి, మసాలా ఆ వాసనను కప్పేస్తుంది. తర్వాత కుడంపులి అనే పుల్లటి ఎండుకాయ వేసి మట్టిచట్టిలో వండిన చేపల కూర. మన చింతపండు, మామిడికాయ పులుపు నాలుక మీద టక్కున తగులుతుంది. కుడంపులిది కొంచెం పొగ వాసనతో నిదానంగా వస్తుంది. ఆ కూర కూడా, మన పులుసు మాదిరే, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ‘నిన్నటిది ఉందా’ అని సిగ్గుపడకుండా అడగండి.

ఫోర్ట్ కొచ్చిలో వలల పక్కన చేపలమ్మేవాళ్లు ఉంటారు. కొనుక్కుంటే దగ్గర్లోనే వండిపెట్టేవాళ్లూ ఉంటారు. ఇక్కడ జాగ్రత్త. వల ఎదురుగా ఉంది కాబట్టి బుట్టలో ఉన్నదంతా అప్పుడే పడిందనుకోవద్దు. చేపకు మొప్పలు ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి మెరవాలి. రొయ్యయితే తల గట్టిగా అతుక్కుని ఉండాలి. తల నల్లబడినా, పట్టుకోగానే ఊడొచ్చినా వదిలేయండి. ‘పెద్ద రొయ్యలు’ అంటే నమ్మొద్దు, ఏ కౌంట్ అని అడగండి. ముప్పై కౌంట్ అంటే కిలోకు ముప్పై. కౌంట్ పేరెత్తారంటే మీకు ఈ యాపారం తెలుసని అర్థమై ధర దానంతటదే దిగుతుంది. తూకం ఒలవకముందా, ఒలిచాకా? వండినందుకు విడిగా ఎంత? ఈ రెండూ తేల్చుకున్నాకే పొయ్యి మీద పెట్టించండి. తిన్నాక బేరం ఉండదు.

ఓడలోకి రమ్మన్న టైమూ, ఓడ బయల్దేరే టైమూ ఒకటి కాదు. మొదటిదే మీ టైము. దానికి గంటన్నర ముందే ఫోర్ట్ కొచ్చిలో ఆటో ఎక్కండి, వంతెన దగ్గర బండ్లు నిలిచిపోతాయి. ఓడవాళ్లిచ్చిన కార్డు, ఆధార్ రెండూ జేబులో ఉండాలి, పోర్టు గేటు దగ్గర అడుగుతారు.

కుడంపులి కొనాలనిపిస్తే నల్లగా, కాస్త మెత్తగా ఉన్నది తీసుకోండి. కిలో చేపకు మూడు నాలుగు రెబ్బలు కడిగి నానబెట్టి వేస్తే సరి. మీ పెద్దమ్మకు మాత్రం తేవొద్దు, నేను తెచ్చిందే ఇంకా డబ్బాలో ఉంది, చింతపండు ఉండగా ఇదెందుకని మూత కూడా తియ్యనివ్వదు.

మీ పెదనాన్న