పళ్ళు వచ్చిన పిల్లవాడికి పాలివ్వడం గురించి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న ఫోనులో నువ్వు చెప్పలేక చెప్పిన మాటే రాత్రంతా మనసులో మెదిలింది. కింద రెండు పళ్ళు మొలిచినప్పటి నుంచి బాబు చనుమొన కొరుకుతున్నాడనీ, వాడు ఆకలికి ఏడిస్తే ఎత్తుకోవడానికే భయమేస్తోందనీ, డబ్బాపాలు మొదలుపెట్టమని మీ అత్తగారు అంటున్నారనీ అన్నావు. పక్కనే మీ మామగారు ఉన్నట్టున్నారు, అందుకే నేనూ వివరంగా చెప్పలేకపోయాను.

ముందుగా నువ్వు తెలుసుకోవలసింది, గుటకలు వేస్తూ పాలు తాగుతున్న బిడ్డ కొరకలేడు. చన్ను నోటి నిండా తీసుకున్నప్పుడు వాడి నాలుక కింది పళ్ళను కప్పుతూ ముందుకు చాపుకొని ఉంటుంది. కొరకాలంటే ఆ నాలుకను వెనక్కు తీసుకోవాలి, తీసుకున్న మరుక్షణం తాగడం ఆగిపోతుంది. అందుకే కొరకడమనేది ఎక్కువగా కడుపు నిండిన తరువాతో, పాలు ఇంకా చేపుకు రాక వాడికి విసుగు పుట్టినప్పుడో జరుగుతుంది. పాలిచ్చేటప్పుడు ఫోను పక్కన పెట్టి వాడి గొంతు వైపు చెవి పెట్టు. గుటకకూ గుటకకూ మధ్య ఎడం పెరిగి, చూపు అటూ ఇటూ పోతూ, చన్ను జారి మొన మాత్రమే పెదవుల మధ్య మిగిలి, దవడ కాస్త బిగుసుకుందంటే వాడి పని అయిపోయినట్టే. వెంటనే నీ చిటికెన వేలిని పెదవి మూల నుంచి చిగుళ్ళ మధ్యకు పోనిచ్చి, పట్టు వదిలించి తీసెయ్యి. మొదట్లోనే కొరుకుతుంటే, కాసేపు చేత్తో మృదువుగా నిమిరి పాలు చేపుకు వచ్చాక పట్టించు. జలుబు చేసిన పిల్లలు ఊపిరాడక మొన మీదికి జారి కొరుకుతారు. అప్పుడు డాక్టరును అడిగి ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు వేసి, తల ఎత్తుగా పెట్టి పట్టించు.

ఇంత జాగ్రత్తపడినా ఒకోసారి కొరుకుతాడు. అప్పుడు మాత్రం వెనక్కు లాగకు. కొరికినప్పటి కంటే పళ్ళ మధ్య నుంచి లాగినప్పుడే ఎక్కువ చీరుకుంటుంది. వాడిని ఒక్క క్షణం రొమ్ముకు ఇంకా దగ్గరగా హత్తుకుంటే, ముక్కు కాస్త ఆనగానే ఊపిరి కోసం వాడే నోరు తెరుస్తాడు. "కొరకకూడదు" అని నెమ్మదిగా, గట్టిగా ఒక మాట అని కొన్ని నిమిషాలు కింద కూర్చోబెట్టు. కేక మాత్రం పెట్టకు. మా రెండోవాడు ఒక రాత్రి నేను కునుకు తీస్తుండగా కొరికితే ఇల్లంతా లేచేలా అరిచాను. వాడు బెదిరిపోయి రెండు రోజులు రొమ్ము దగ్గరకే రాలేదు. నాకు పాలు నిండి రాళ్ళలా గట్టిపడితే, స్టీలు గిన్నెలోకి పిండి, ఉగ్గుగిన్నెతో పట్టించాను. కొందరు పిల్లలైతే తల్లి అరుపుకు కిలకిలా నవ్వి, అదో ఆట అనుకొని మళ్ళీ కొరుకుతారు.

చిగుళ్ళ దురద కూడా తీరాలి కదా. పాలివ్వడానికి పది నిమిషాల ముందు, శుభ్రమైన మెత్తటి గుడ్డను తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి, నువ్వు దగ్గరుండి నమలనివ్వు, గడ్డకట్టినది వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదం, ఎవరు చెప్పినా వినకు. చిగుళ్ళకు రాసే బెంజోకైన్ జెల్ రెండేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించింది, ఎందుకంటే అది రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీయవచ్చు. అన్నట్టు, పై పళ్ళు ముందు వస్తే మేనమామకు కీడని మన ఇళ్ళల్లో అంటారుగా, వీడికి కిందవే ముందు వచ్చాయి కాబట్టి మీ తమ్ముడిని నిశ్చింతగా ఉండమను!

పుండు పడినచోట మంచినీళ్ళతో కడిగి, నీ పాలే ఒక చుక్క రాసి గాలికి ఆరనివ్వు. నొప్పి లేని వైపు ముందు పట్టించు. మరీ భరించలేకపోతే ఒకటి రెండు రోజులు ఆ వైపు పాలు పిండి పట్టించు. రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉండి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్ళు, అప్పుడు కూడా పాలివ్వడం మానకు. బాబు నోట్లో తుడిచినా పోని తెల్లటి మచ్చలుండి, పాలిచ్చాక నీకు మంటగా ఉంటే అది బూజు వంటి ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇద్దరికీ మందు వాడవలసి వస్తుంది.

పొరుగామె చెప్పినట్టు వేపాకు నూరి రాసుకోవద్దు. అది పాలు మాన్పించడానికి చేసే పని. కొరికినందుకు చేదో, తాగినందుకు చేదో వాడికి తెలియదు. ఆరు నెలలు నిండాక అన్నంతో పాటు రెండేళ్ళ వరకు, ఆ పైన కూడా తల్లిపాలు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని అత్తగారికి నెమ్మదిగా చెప్పు, లేదా నేనే చెబుతాను.

ఏ పూట కొరికాడో, అప్పటికి ఎంతసేపు తాగాడో నాలుగు రోజులు కాలెండరు మీద గుర్తు పెట్టు. ఆదివారం నేను వస్తాను, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఉగ్గుగిన్నె కూడా తెస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ