పాత ఆర్‌ఎస్-485 మీటర్లు, లారీ కాటా కొత్త ఈథర్‌నెట్‌కు: బొబ్బిలిలో మేం పడ్డ పాట్లు

మీరు అడిగింది ఇదీ: ప్యానెళ్లలో ఆర్‌ఎస్-485 (ఒకే జత వైర్ల మీద చాలా పరికరాలను కలిపే సీరియల్ లైను) ఉన్న పాత ఎనర్జీ మీటర్లు పన్నెండు, గేటు దగ్గర ఆర్‌ఎస్-232 (ఒక్క పరికరాన్నే కలిపే సీరియల్ లైను) ఉన్న లారీ కాటా ఒకటి ఉన్నాయి. రీడింగులన్నీ ఆఫీసులో పెట్టిన కొత్త స్కాడాకు (అన్నీ ఒకచోట కంప్యూటర్లో చూపించే సాఫ్ట్‌వేర్) ఈథర్‌నెట్ మీద రావాలి. ఏ కన్వర్టర్ కొనాలి?

ఏది కొనాలన్నది కాసేపు పక్కన పెట్టండి. నేను బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. మూడేళ్ల కిందట అచ్చం ఇదే పని నా నెత్తిన పడింది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఒక సీరియల్ టు ఈథర్‌నెట్ డబ్బా తెప్పించాం. పింగ్ చేస్తే పలుకుతోంది, లైట్లు మిణుకుమంటున్నాయి, స్కాడాలో మాత్రం ఒక్క అంకె రాదు. రెండు రోజులు కేబుళ్లు పీకి పెట్టడంతోనే సరిపోయింది.

తప్పు కేబుల్‌ది కాదు. మీటర్లు మాట్లాడే భాష మోడ్‌బస్. అందులో మీటరుకు తెలిసింది సీరియల్ లైను మీద నడిచే ఆర్‌టీయూ రకం. అందులో ముందు స్లేవ్ నంబరు (లైను మీద ఆ మీటరు చిరునామా), చివర తప్పులు పట్టే రెండు బైట్ల సీఆర్‌సీ ఉంటాయి. స్కాడా పంపేది ఈథర్‌నెట్ మీద నడిచే మోడ్‌బస్ టీసీపీ. దానికి ముందు ఏడు బైట్ల హెడర్ ఉంటుంది, చివర సీఆర్‌సీ ఉండదు. మా డబ్బా ఇటు వచ్చిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు అటు తోసేసే రకం. మీటరుకు అదేమిటో తెలియక నోరు మెదపలేదు. మనకు కావాల్సింది ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే మోడ్‌బస్ గేట్‌వే, మోడ్‌బస్ టీసీపీకి కేటాయించిన 502 పోర్టు మీద వినేది. కొన్ని స్కాడాల్లో ఆర్‌టీయూ బైట్లనే నేరుగా ఈథర్‌నెట్ మీద పంపే 'ఆర్‌టీయూ ఓవర్ టీసీపీ' అనే ఆప్షన్ ఉంటుంది, అప్పుడు చవక డబ్బా కూడా చాలు. మా స్కాడాలో లేదు. మీ దాంట్లో ఉందేమో ముందు అది చూసుకోండి, డబ్బులు మిగులుతాయి.

కాటా సంగతి దీనికి పూర్తిగా వేరు. మా కాటా ఇండికేటర్‌కు (బరువు చూపించే డబ్బా) మోడ్‌బస్ ఊసే తెలియదు. ఎవరూ అడగకుండానే బరువును ఒక టెక్స్ట్ లైనుగా పంపుతూనే ఉంటుంది. దానికి ఆ చవక డబ్బాయే సరిగ్గా సరిపోయింది. తూకం సాఫ్ట్‌వేర్ కామ్ పోర్టే (పీసీ సీరియల్ పోర్టు) అడుగుతుంది కాబట్టి, ఈథర్‌నెట్ మీద వచ్చేదాన్ని అలాంటి పోర్టులా చూపించే వర్చువల్ కామ్ పోర్ట్ డ్రైవర్ పీసీలో వేశాం. వృథా అనుకున్న డబ్బా అలా పనికొచ్చింది.

వైరింగ్‌లో మాకు తగిలినవి చెప్తాను. ఎవరో ముందే ప్రతి ప్యానెల్ నుంచి ఒక్కో వైరు లాగి ఒకే జంక్షన్ బాక్సులో కలిపేశారు. ఫర్నేస్ ఆగినప్పుడు బాగానే ఉండేది, లోడ్ ఎక్కగానే ఎర్రర్లు. మీటరు నుంచి మీటరుకు వరసగా గొలుసులా మార్చి, రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, షీల్డును ఒక్క వైపే ఎర్త్ చేశాక కుదుటపడింది. అప్పటికీ ఒక మీటరు మాత్రం మాట్లాడలేదు. మా పెద్ద ఎలక్ట్రీషియన్ టెర్మినల్ మీది నల్లటి దుమ్ము బనియన్ గుడ్డతో తుడిచి, "ఆ రెండు వైర్లూ ఓపాలి తిరగేసి సూడండి బాబూ" అన్నాడు. తిరగేశాం, వచ్చేసింది. ఏ, బీ అక్షరాలను కంపెనీలన్నీ ఒకేలా రాయవు. తిరగేసినంత మాత్రాన మీటరు కాలిపోదు, భయపడకండి. ఇంకో రెండు మీటర్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్లేవ్ నంబరు 1 అలాగే ఉంది. రెండూ ఒకేసారి జవాబిస్తే ఏదీ అర్థం కాదు కదా!

అసలు టెన్షన్ పెట్టింది టైమవుట్, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు. అంతా బాగుందనుకున్న వారానికి ఒక ఫీడర్ షట్‌డౌన్ తీసుకున్నారు, రెండు మీటర్లకు కరెంటు పోయింది. పోవాల్సింది ఆ రెండే, కానీ స్కాడాలో పన్నెండూ ఎర్రబడ్డాయి. లెక్క చూస్తే విషయం తెలిసింది. 9600 బాడ్ (మా లైను వేగం) మీద ఒక అక్షరం, అంటే ఒక బైటు, పోవడానికి సుమారు 1.15 మిల్లీసెకన్లు. పది రిజిస్టర్లు (మీటరు తన అంకెలను దాచుకునే గడులు) అడిగితే ప్రశ్నకు 8 బైట్లు, జవాబుకు 25, అంటే దాదాపు 38 మిల్లీసెకన్లు. మీటరు ఆలోచించుకునే టైం కలిపినా 100 దాటదు. పన్నెండు మీటర్లకు సెకనుంబావు చాలు. కానీ గేట్‌వేలో టైమవుట్ ఒక సెకను, రీట్రై (జవాబు రాకపోతే మళ్లీ అడగడం) మూడు అని ఉంది. చచ్చిన మీటరు ఒక్కోదాని దగ్గర నాలుగు సెకన్లు కూర్చుంటుంది. ఆర్‌ఎస్-485 లైను మీద ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి, ఈలోగా మిగతావన్నీ క్యూలో. స్కాడా టైమవుట్ ఒక్క సెకనే కావడంతో అది విసిగి మళ్లీ అడిగేది, క్యూ ఇంకా పెరిగేది. గేట్‌వేలో 300 మిల్లీసెకన్లు, ఒక్క రీట్రై పెట్టి, స్కాడా వైపు మూడు సెకన్లు చేశాం. ఆ తర్వాత ఆగిన మీటరు ఒక్కటే ఎర్రగా కనిపిస్తోంది.

కాటా గది ఆఫీసుకు 200 మీటర్లు. ఆర్‌ఎస్-232 ను 15 మీటర్లు దాటించకపోవడమే మంచిది. రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టి నెట్టుకొద్దామనుకున్నాం. వైశాఖంలో ఒక సాయంత్రం ఈదురుగాలితో పిడుగు పడి స్విచ్, కన్వర్టర్ రెండూ పోయాయి. ఇండికేటర్ బతకడం మా అదృష్టం. ఇప్పుడు ఫైబర్ లాగి, రెండు కొసల్లో రాగి ఈథర్‌నెట్‌ను ఫైబర్‌కు మార్చే మీడియా కన్వర్టర్లు పెట్టాం. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి పిడుగు అటు నుంచి ఇటు రాదు. మన వైపు ఆ ఖర్చు తప్పదు, యజమానికి ముందే చెప్పేయండి.

మోడ్‌బస్‌కు పాస్‌వర్డ్ లాంటిదేమీ లేదు. గేట్‌వేను ఆఫీసు వైఫై ఉన్న నెట్‌వర్క్‌లో కలపకండి, ఇంటర్నెట్‌కు అసలే తెరవకండి.

అంకెలు వచ్చి కూడా తేడాగా ఉంటే వైర్ల జోలికి పోవద్దు. మాన్యువల్‌లో 40001 అని ఉన్నది లైను మీద 0 అవుతుంది, పక్క రిజిస్టర్ చదువుతున్నారేమో చూడండి. వోల్టేజీ 415 రావాల్సిన చోట పిచ్చి సంఖ్య వస్తుంటే ఫ్లోట్‌లో (రెండు రిజిస్టర్లు కలిపి చెప్పే దశాంశ సంఖ్య) ఆ రెండు వర్డ్‌ల వరస తిరగబడి ఉండొచ్చు. దానికి చాలా స్కాడాల్లోనే వర్డ్ స్వాప్ అని ఒక టిక్కు ఉంటుంది.