బొబ్బర్లు నానబెట్టకుండా స్లో కుక్కర్‌లో వేయొచ్చా?

వేయొచ్చు. స్లో కుక్కర్ అంటే తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుక్కర్. బొబ్బర్లకి (తెలంగాణలో బబ్బెర్లు, రాయలసీమలో అలసందలు) తోలు పల్చన, అందుకే శనగల్లాగా రాత్రంతా నానబెట్టక్కర్లేదు. రాళ్లూ పుచ్చులూ ఏరి, రెండుసార్లు కడిగి, కప్పు గింజలకి మూడున్నర కప్పుల నీళ్లు పోసి మూత పెట్టేయండి. హైలో 3-4 గంటలు, లోలో 6-8 గంటలు, కుక్కర్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. మధ్యలో ఎలా ఉందో చూద్దామని మూత తీశారో, వేడంతా పోయి ఇంకో అరగంట పడుతుంది, నేనైతే ఆగలేక తీస్తూనే ఉంటాను, అది వేరే సంగతి.

ఉప్పు ముందే వేసినా పర్లేదు. చింతపండు, టమాటా మాత్రం గింజ మెత్తబడ్డాకే, ఎందుకంటే పులుపు తగిలితే తోలు బిగుసుకుపోయి ఎంతసేపున్నా ఉడకదు. రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు వెన్నలా నలగాలి, తోలు చిట్లినా గింజ విడిగా కనబడాలి, అప్పుడు ఆపేసి ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు పెట్టుకోండి. ఎనిమిది గంటలైనా గట్టిగానే ఉంటే చాలావరకు గింజలు పాతవైనా అయ్యుండాలి, నీళ్లు సున్నం ఎక్కువున్న బోరు నీళ్లైనా అయ్యుండాలి.

ఇదే పద్ధతి రాజ్మాకి మాత్రం వద్దు. పచ్చి రాజ్మాలో ఉండే విషపదార్థం స్లో కుక్కర్ వేడికి పోదు, వాంతులు పట్టుకుంటాయి. వాటిని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొయ్యి మీద కనీసం 10 నిమిషాలు కళపెళా మరిగించాకే అందులో వేయాలి.