నాన్న గురించి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా నాన్న పెరంబూర్‌లోని రైలుపెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో వడ్రంగిగా చేసి రిటైరయ్యారు. ఈమధ్యే ప్రభువు పిలుపు అందుకున్నారు. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. పెద్దకూతురిగా నేను మాట్లాడాలి. ‘భక్తిపరుడు, కుటుంబమంటే ప్రాణం’ తప్ప ఏమీ తోచడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ మాటలు నిజమే కానీ ఏ తండ్రికైనా సరిపోతాయి. ఆయన చేతిపని గురించి చెప్పండి. వానాకాలంలో ఇరుగుపొరుగు తలుపులు బిగుసుకుపోతే చిత్రిక పట్టి ఇచ్చేవారని, డబ్బు పుచ్చుకునేవారు కాదని మీ ఉత్తరంలో మీరే రాశారు. తేమకి చెక్క ఉబ్బుతుంది. అప్పుడు ఎక్కువ చెక్కేస్తే ఎండలు రాగానే సందు పడుతుంది. అందుకే ఆయన కాస్త తీసి, తలుపు వేసి చూసి, మళ్లీ కాస్త తీసేవారట. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఆ ఓపికను అలాగే వర్ణించండి. శనివారం రాత్రి ఉలి నూరి పక్కన పెట్టాక అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేసేవారన్నదీ వదలకండి. వాక్యం కావాలంటే మార్కు 6:3 చదవండి. సొంత ఊరివాళ్లు యేసును వడ్లవాడిగానే గుర్తుపట్టారు. ఉద్యోగ వివరాలు ఒక్క ముక్కలో చాలు. పాటలు మాత్రం అమ్మగారినే ఎంచుకోమనండి.