బాపుకు విగ్రహం పెడ్దామంటే తమ్ముడు మాట్లాడుడే బంద్ చేసిండు

ప్రశ్న: అక్కా, మాది పరకాల దగ్గర పల్లె, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. మా బాపు 1968ల ఆర్మీల డ్రైవర్‌గ చేరిండు, 71 యుద్ధంల ఉన్నడు, 85ల రిటైరై వచ్చి ఆర్టీసీల బస్సు నడిపిండు. పోయిన కార్తీకంల చనిపోయిండు, ఏడాది దగ్గరికొచ్చింది. మా చెల్కల యూనిఫాం మీద బాపు విగ్రహం పెట్టాలని నా కోరిక. తమ్ముడు "ఊరికి చూపెట్టనీకా, ఆయన నాకేం చేసిండు" అని ఫోన్ పెట్టేసిండు, అప్పటిసంది మాటల్లేవు. పదోరోజు నాడు బాపు గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు, యుద్ధం గురించి నాకు ఒక్క ముక్క తెల్వదని అప్పుడు తెలిసింది, ఏడుస్తూ కూసున్న. అమ్మను అడిగితే "యుద్ధమైపోయినంక కూడ ఎన్నిరోజులకో వచ్చిండు" అని ఊకుంటది. అమ్మ పెన్షన్ కాగితాలు కూడ ఇంకా కాలే. నేనేం చెయ్యాలె?

జవాబు: చెల్లె, అమ్మ పెన్షన్ మాట నువ్వు చివర్ల ఒక్క ముక్కల అనేసినవ్, నేను అక్కడ్నుంచే మొదలుపెడుత. ఫౌజ్ నుంచి వచ్చినంక కూడ ఇల్లు గడవాలె అని స్టీరింగ్ వదలని మనిషి ఆయన, ఆయన పోయి ఏడాది కావొస్తున్నా భార్యకు రావాల్సిన పైసలు రాకుండ ఆగిపోవుడు ఆయనకు అస్సలు నచ్చని పని, ఏ విగ్రహం పెట్టినా ఈ లోటు పోదు. డెత్ సర్టిఫికెట్, బాపు పీపీఓ (పెన్షన్ మంజూరు చేసిన ఆర్డర్ కాగితం), డిశ్చార్జి బుక్, అమ్మ ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ ఒక కవర్ల పెట్టుకొని హన్మకొండల జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పో. స్పర్శ్ అనే ఫౌజోళ్ల పెన్షన్ ఆన్‌లైన్ పోర్టల్ల ఆయన చనిపోయిన సంగతి ఎక్కియ్యాలె, అమ్మ పేరు మీద ఫ్యామిలీ పెన్షన్ మొదలుకావాలె. పాత రిటైరీల కేసులల్ల మస్తుమందికి ఒకటే తిప్పలు, కాగితాలల్ల భార్య పేరు ఒక తీరు ఉంటది, ఆధార్‌ల ఇంకో తీరు ఉంటది, అది ముందుగాల చూసుకో. బాపు ఖాతాల ఇంకా పెన్షన్ పడుతుంటే దాన్ని ముట్టుకోకుండ్రి, తర్వాత వాపసు అడుగుతరు. ఈసీహెచ్ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల దవాఖాన కార్డు, ఉంటే అది అమ్మకు చెల్లుతదా, ఏమన్న మార్పించాల్నా అన్నది కూడ అదే రోజు అడుగు. పెన్షన్ మొదలైనంక ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుడు మాత్రం మర్చిపోవద్దు.

ఇగ తమ్ముని సంగతి. నాకు నీ ఉత్తరంల కోపమొచ్చే మనిషి ఎవ్వరు కనవడలే, బాధపడే మనుషులే కనవడ్డరు. నువ్వు పెద్దదానివి, నీకు తెలిసిన బాపు లీవుల వచ్చే బాపు. ఏడాదికోసారి పెద్ద లీవు మీద కాజీపేటల దిగి, నల్ల పెట్టె నెత్తిన పెట్టుకొని, నీకోసం ఏదో ఒకటి తెచ్చే బాపు, ఉన్నన్ని రోజులు నిన్ను కింద దించని బాపు. తమ్మునికి బుద్ధి తెలిసే టైమ్‌కు ఆయన రిటైరై ఇంటికొచ్చిండు. పదిహేడేండ్లు బ్యారక్‌ల బతికిన మనిషి, పొద్దున ఐదింటికి లేవాలె, చెప్పులు వరుసల ఉండాలె, అన్నం టైమ్‌కు తినాలె, అడిగినదానికి జవాబు నిలబడి చెప్పాలె, అంతకంటె వేరే తీరుల ఇంట్ల ఉండుడు ఆయనకు ఎవ్వరూ నేర్పలే. ఆ కష్టమంతా పడింది ఆ పిల్లగాడు. ఒక్క ఇంట్ల పుట్టిన మీ ఇద్దరికీ వేర్వేరు బాపులు దొరికిండ్రు తల్లీ, నువ్వు చెల్కల యూనిఫాం బాపును నిలబెడ్తా అంటే వానికి అందుల తన బాపు కనవడ్తలేడు. "నాకేం చేసిండు" అన్న మాట విని నువ్వు కోపం చేసుకోకు, వాడు లెక్క అడుగుతలేడు, నా ముచ్చట కూడ వినుండ్రి అంటున్నడు.

అందుకే ఈ ఏడాది విగ్రహం వద్దు అనే నా సలహా. మన దిక్కు పెద్దలను యాది చేసుకునుడు రాతి బొమ్మలతోటి మొదలుకాలే, పెత్రమాస నాడు పేరుపేరున బియ్యం ఇస్తం, వాళ్లకు ఇష్టమైనవి వండుతం, వండుకుంట వాళ్ల ముచ్చట్లు చెప్పుకుంటం, గంతే. సంవత్సరీకం నాడు కూడ గట్లనే చెయ్యి.

యుద్ధం గురించి తెల్వదని బాధపడ్తున్నవ్ కద, దానికి దారి ఉంది. ఆయన చెప్పలేదంటే దాచిపెట్టిండని కాదు, ఊర్ల ఎవలన్న అడిగితే "ఎంతమందిని సంపినవ్" అనే అడుగుతరు, దానికి ఏ మనిషి నోరు తెరుస్తడు చెప్పు. నువ్వు పెట్టె తెరువు. మెడల్స్ ఉంటే అంచు తిప్పి చూడు, సన్నగ ఆయన సర్వీస్ నంబర్, పేరు చెక్కి ఉంటయి, భూతద్దం కావాల్సొస్తది. పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి సెక్టార్‌ల ఉన్నట్టు, పూర్వీ స్టార్ ఉంటే తూర్పు దిక్కు. స్వాతంత్ర్యం వచ్చి 25 ఏండ్లైనందుకు ఇచ్చిన మెడల్ కూడ ఉండొచ్చు, అది అప్పుడు సర్వీస్‌ల ఉన్నోళ్లకు ఇచ్చింది, దాన్ని వీరత్వానికి ఇచ్చిండ్రని ఎక్కడ చెప్పకు, ఆయన చేసిందే చాలు, మనం కలిపి చెప్పాల్సిన పని లేదు. డిశ్చార్జి బుక్‌ల ఏ యూనిట్ల ఉన్నడు, ఏ కోర్సులు చేసిండు అన్నీ ఉంటయి, ఆయన సర్వీస్ నంబర్ పెట్టి ఆర్మీ రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాస్తే ఇంకా కొంత తెలుస్తది. పాత ఉత్తరాలు ఉన్నయేమో చూడు. వాటి మీద ఊరి పేరు ఉండదు, కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటది, ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, 99 అంటే తూర్పు దిక్కు, 56 అంటే పడమర, ఉత్తరం. డ్రైవర్ అంటే ఎనుకనుండేటోడు అని ఎవలన్న అంటే పట్టించుకోకు, లైట్లు ఆర్పుకొని చీకట్ల కాన్వాయిల బండి నడిపితేనే ముందున్నోనికి తిండి, మందుగుండు అందుతది.

అమ్మ అన్న మాట ఒకటుంది కద, యుద్ధమైపోయినంక కూడ ఎన్నిరోజులకో వచ్చిండు అని. ఆ మాట నిజమే అయ్యుంటది. 1971 డిసెంబర్ 3న మొదలైంది, 16న ఢాకాల పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, రేడియోల విని దేశమంతా పండుగ చేసుకుంది. కానీ పడమటి బార్డర్‌ల మనోళ్లు అక్కడనే ఉండాల్సొచ్చింది, 72 జూలైల సిమ్లా ఒప్పందమైంది, సైన్యాలు ఎనక్కి వచ్చుడు ఆ ఏడాది డిసెంబర్ల గాని పూర్తికాలే. అప్పుడు మీ అమ్మ కొత్త కోడలు అయ్యుంటే, అందరూ గెలిచినం అంటుంటే ఆమె మాత్రం పోస్టుమ్యాన్ కోసం చూసుకుంట కూసుంది. ఆ పదిహేడేండ్లు ఆయన అక్కడ డ్యూటీ చేస్తే ఇక్కడ అత్తను, పొలాన్ని, మీ ఇద్దరిని చూసుకున్నది ఆమె. ఆయన పోతుంటే సకినాల డబ్బా కట్టిచ్చి, కన్నీళ్లు కనవడకుండ తలుపు చాటుకు పోయిన ఆడోళ్లు మన ఊర్లల్ల ఎంతమందో. నువ్వు ఆమెను యుద్ధం గురించి అడుగుతున్నవ్, ఆమెకు యుద్ధం తెల్వదు. "ఆయన లేనప్పుడు నీకెట్ల గడిసిందే అమ్మా" అని అడుగు, ఫోన్ల రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టుకో, పనులల్ల ఉన్నప్పుడు అడుగు, చిక్కుడుకాయలు ఒలుచుకుంటనో బియ్యం ఏరుకుంటనో, ఎదురుంగ కూసోని అడిగితే చెప్పరు. సగంల ఆపితే ఆపనీ, మళ్ల ఇంకోరోజు.

తమ్మునికి ఫోన్ చెయ్యి, విగ్రహం మాట ఎత్తకు, ముందు పెన్షన్ పనికి నువ్వు కూడ రా అని అడుగు, ఇద్దరు కలిసి ఆఫీసుల గంటసేపు బెంచీ మీద కూసుంటే సగం ముచ్చట అక్కడనే అయితది. తర్వాత "బాపు గురించి నాకు తెల్వనిది నువ్వు చెప్పు, మంచిదైనా చెడ్డదైనా" అను. కొట్టిండని చెప్తే "నీ మంచికే" అనకు, విను. ఇద్దరు చెప్పుకున్నవి, అమ్మ చెప్పినవి ఒక నోట్‌బుక్‌ల రాయుండ్రి, బస్సు డ్రైవర్‌గ ఉన్నప్పటి దోస్తులను కూడ అడుగుండ్రి, సంవత్సరీకం నాడు అందరు ఉన్నప్పుడు తమ్ముడే చదవనీ, వాడు చదవనంటే మీ పిల్లలల్ల ఒకలతోని చదివియ్యుండ్రి.

విగ్రహం సంగతి వచ్చే ఏడాది ముగ్గురు కూసోని తేల్చుకోండ్రి. అప్పుడు కూడ అమ్మ వద్దంటే వద్దే.