ఉద్దెరకు ఇచ్చిన టైర్ల డబ్బు రాలేదు, టిప్పర్‌ను ఆపేయవచ్చా?

ప్రశ్న: మాకు వనస్థలిపురం ఆటోనగర్‌లో లారీ టైర్ల షాపు ఉంది. కోకాపేట, నార్సింగి వైపు సెల్లార్ల మట్టి తోలే ఒక సబ్ కాంట్రాక్టర్‌కు నాలుగు టిప్పర్లకు కలిపి 40 టైర్లు ఉద్దెరకు ఇచ్చాను. 2,30,000 రూపాయల చొప్పున నాలుగు బిల్లులు, మొత్తం 9,20,000. రెండు నెలల్లో ఇస్తానన్నది నోటిమాటే. మొదటి బిల్లుకు రెండేళ్ల పది నెలలు, రెండోదానికి రెండేళ్ల మూడు నెలలు నిండాయి. మిగతా రెండూ పోయిన ఏడాదివి. యూపీఐలో అప్పుడప్పుడూ వేసింది 3,00,000. ఏ బిల్లుకో చెప్పలేదు. అడిగితే ‘బిల్డర్ నాకే ఇవ్వలేదన్నా’ అంటాడు. రెండు టైర్లు పేలిపోయాయి కాబట్టి మిగతాది ఇవ్వనని ఈమధ్య కొత్తగా మొదలుపెట్టాడు. అతను సంతకం చేసిన ఖాళీ చెక్కు నా దగ్గర ఉంది. ఇప్పుడు ఇంకో 10 టైర్లు ఇస్తే పాత బాకీ కూడా తీరుస్తానంటున్నాడు. టిప్పర్‌ను ఆపేయవచ్చా? చెక్కు మీద 9,20,000 వేయవచ్చా? మాకు ఉద్యమ్ (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉంది, చిన్న సంస్థల బిల్లులు 45 రోజుల్లోపు కట్టాలనే రూల్ మాకు పనిచేస్తుందా?
– ఒక టైర్ల వ్యాపారి, హైదరాబాద్

జవాబు: టిప్పర్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ కోపం నాకు అర్థమైంది. మీరిచ్చిన టైర్ల మీద రోజూ ట్రిప్పులు కొట్టి సంపాదిస్తూ మీ డబ్బు ఎగ్గొడుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, డబ్బు అందని అమ్మకందారు సరుకును పట్టి ఉంచుకోగలిగేది అది తన చేతిలో ఉన్నంతవరకే. టైర్లు డెలివరీ అయి బండికి ఎక్కిన రోజే ఆ హక్కు పోయింది. ఫైనాన్స్ కంపెనీ బండిని తీసుకెళ్తోంది కదా అనుకోవచ్చు. వాళ్లకు బండినే తాకట్టుగా రాసిన అగ్రిమెంట్ ఉంటుంది, మీకు లేదు. రాత్రిపూట మనుషుల్ని పెట్టి టైర్లు విప్పించుకొస్తే దొంగతనం కేసు మీ మీదే పడుతుంది, అసలు బాకీ పక్కకు పోతుంది.

చీటింగ్ కేసు పెడతామని చాలామంది పోలీస్ స్టేషన్‌కు పరిగెడతారు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే సరుకు తీసుకున్నాడని చూపించగలిగితేనే అది చీటింగ్ అవుతుంది. 3,00,000 కట్టినవాడి విషయంలో ఆ మాట నిలబడటం కష్టం.

ఇక చెక్కు సంగతి. మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే, దాన్ని పాడుచేసుకోకండి. సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కులో అంకె మీరు వేసినంత మాత్రాన అది చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయితే అక్కడ వేయాల్సింది 9,20,000 కాదు, 6,20,000. కొంత బాకీ తీరాక కూడా మొత్తానికి చెక్కు వేస్తే, ఆ అంకె అసలు అప్పుతో సరిపోదు కాబట్టి 138 సెక్షన్ (చెక్ బౌన్స్) కేసు నిలవదని 2022లో అదే కోర్టు స్పష్టం చేసింది. నేను చూసిన చెక్ బౌన్స్ కేసుల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేవి ఇవే. బాకీ నిజం, సంతకం నిజం, అంకె ఒక్కటే తప్పు. వడ్డీ కూడా కలపకండి, దాన్ని సివిల్ దావాలో అడగవచ్చు. కొట్టివేతలు, దిద్దుబాట్లు లేకుండా రాయండి. చెక్కు ఎవరి ఖాతాదో ముందే చూసుకోండి. బిల్లు ఫర్మ్ పేరు మీద, చెక్కు సొంత ఖాతాది అయితే కేసు వేసేది ఆ ఖాతాదారు మీద. కంపెనీ చెక్కయితే కంపెనీని కూడా ముద్దాయిగా చేర్చి తీరాలి.

చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు మీ బ్యాంకులో జమ చేయండి. తిరిగొస్తే, ఆ సమాచారం మీకు అందిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు వెళ్లాలి. ఈ 30 రోజులు దాటితే ఆ రిటర్న్ మీద కోర్టు కూడా దయ చూపలేదు. నోటీసులో చెక్కు మొత్తాన్ని స్పష్టంగా అడగాలి. నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. అతని ఊరికి తిరగాల్సిన పనిలేదు, మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే వేస్తారు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం 2018 సవరణతో కోర్టుకు వచ్చింది, తప్పకుండా అడగండి.

బాకీకి దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు మొదటి బిల్లుకు దగ్గర పడుతోందని టెన్షన్ పడుతున్నట్టున్నారు. ఇక్కడ మీకు కాస్త ఊరట ఉంది. ఏ బిల్లుకో చెప్పకుండా డబ్బు కడితే, అప్పిచ్చినవాడు కూడా దాన్ని ఫలానా బిల్లుకు అని జమ చేయకపోతే, అది పాత బాకీ నుంచి వరుసగా తీరుతూ వస్తుందని కాంట్రాక్టు చట్టం 61వ సెక్షన్. అంటే అతను వేసిన 3,00,000తో మొదటి బిల్లు పూర్తిగా తీరింది, రెండోదాంట్లో 70,000 తగ్గింది. మీ ఖాతా పుస్తకంలో కూడా అలాగే ఉందో లేదో ఈరోజే చూడండి. మిగిలిన వాటిలో పాతది రెండో బిల్లు. అప్పు గడువు నోటిమాటే కాబట్టి, డెలివరీ రోజు నుంచే మూడేళ్లు లెక్కేసుకోవడం క్షేమం. ఆ లెక్కన ఇంకా తొమ్మిది నెలలే ఉన్నాయి. ‘నెలాఖరుకు ఇస్తానన్నా’ అని అతను పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చినా పోకుండా దాచండి. వాటిని కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

పేలిన టైర్ల వాదన పెద్దదేమీ కాదు. సరుకులో లోపం నిజమైతే ఆ మేరకు ధర తగ్గించమని అతను అడగవచ్చు. మీ ధర ప్రకారం రెండు టైర్లు 46,000. దాన్ని చూపించి 6,20,000 ఆపడానికి వీల్లేదు. ఆ టైర్లను కంపెనీ క్లెయిమ్‌కు పంపమని మీరు రాతపూర్వకంగా అడిగారా? అడగకపోతే ఇప్పుడు అడగండి. తవ్విన రాళ్ల మీద, ఓవర్‌లోడ్‌తో తిరిగే బండికి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) కోసుకుపోతే అది తయారీ లోపం కింద రావడం అరుదు. బిల్డర్ ఇవ్వలేదన్నది అతనికీ బిల్డర్‌కూ మధ్య గొడవ, మీ బిల్లుకు దానితో సంబంధం లేదు.

45 రోజుల రూల్ మాత్రం మీకు పనికిరాదు, ఈ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. 2021 జూలై 2న కేంద్రం టోకు, చిల్లర వ్యాపారులను ఉద్యమ్‌లోకి తీసుకుంది కానీ, బ్యాంకుల ప్రాధాన్యతా రంగ రుణాల వరకే. ఆలస్యపు చెల్లింపుల మీద చక్రవడ్డీ, అలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దారి ట్రేడర్లకు లేవు. మీరే స్వయంగా రీట్రెడింగ్ (అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేయడం) చేస్తుంటే ఆ బిల్లుల వరకు వేరుగా వాదించవచ్చు.

జీఎస్‌టీలో ఒక మెలిక మీకు ఉపయోగపడుతుంది. మీ బిల్లులోని జీఎస్‌టీని అతను తన పన్నులోంచి తగ్గించుకుని (ఇన్‌పుట్ క్రెడిట్) ఉండి, 180 రోజుల్లో మీకు డబ్బు కట్టకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. నోటీసులో ఈ పేరా ఉంటే అతని అకౌంటెంటే అతనితో మాట్లాడతాడు.

చెక్కు కేసుతో పాటు సివిల్ దావా కూడా వేయవచ్చు. ఇది వ్యాపార వివాదం, విలువ 3,00,000 దాటింది, కాబట్టి కమర్షియల్ కోర్టు. అర్జెంటు ఉత్తర్వులు అవసరమైతే తప్ప, దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మధ్యవర్తిత్వం తప్పనిసరి. దానికి పట్టిన కాలం మూడేళ్ల లెక్కలోంచి మినహాయిస్తారు.

ఇప్పుడు అడుగుతున్న 10 టైర్ల సంగతి. ఉద్దెరకు ఇవ్వకండి, కానీ అతన్ని ఉత్త చేతులతో పంపేయకండి కూడా. టైర్ల అవసరం అతనికి ఉన్న ఈ వారమే అతనితో సంతకం పెట్టించుకోగల సమయం. ఫలానా తేదీ నాటికి బాకీ 6,20,000 అని బిల్లు నంబర్లతో సహా లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించండి. ఇంకా మూడేళ్లు నిండని ప్రతి బిల్లుకూ ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వాయిదాల చెక్కులు ఇస్తానంటే తీసుకోండి, కానీ అవి పాసయ్యే వరకు పాత చెక్కు తిరిగి ఇవ్వకండి. కొత్త టైర్లకు ముందు డబ్బు, తర్వాత డెలివరీ. ఆ డబ్బు ఏ బిల్లుకో రసీదు మీద నంబరు వేసి అతని సంతకం తీసుకోండి.